ఎక్కాల నుంచి గుణశ్రేఢి దాకా: బడిలెక్కల మెట్లూ మేమూ

బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో ఒకరోజు టీచరు భీమ్‌రావ్ అనే కుర్రవాణ్ణి లేపి నల్లబల్ల మీద లెక్క చెయ్యమన్నాడు. కుర్రవాడు లేచాడో లేదో క్లాసంతా గోల. సవర్ణ పిల్లలు తమ అన్నం డబ్బాల్ని నల్లబల్ల వెనకాల పెట్టుకునేవాళ్లు. ఈ కుర్రవాడు బల్ల ముట్టుకుంటే ఆ అన్నం మైలపడుతుందని వాళ్ల భయం. అందరూ ఎగబడి డబ్బాలు పక్కకు లాక్కున్నాకే అతను బల్ల దాకా పోగలిగాడు. ధనంజయ్ కీర్ రాసిన అంబేద్కర్ జీవితచరిత్రలో ఈ సంగతి ఉంది.

మనం సభల్లో దీన్ని అంటరానితనానికి ఉదాహరణగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కానీ ఆ బల్ల మీద ఒక లెక్క కూడా ఉంది కదా, దాని సంగతి ఎవరూ అడగరు. ఆ లెక్క దాకా రావడానికి ఆ పిల్లవాడు ఎన్ని మెట్లు ఎక్కి ఉండాలి? ఏ మెట్టు దగ్గర ఎవరు అడ్డం పడ్డారు? అతను ఎక్కగలిగిన మెట్లు అదే కాలంలో మన తాతలకు ఎందుకు అందలేదు? కులానికీ చదువుకీ ఉన్న సంబంధం మీద చాలా రాశాం. కులానికీ లెక్కలకీ ఉన్న సంబంధం మీద దాదాపు ఏమీ రాయలేదు.

ఈ వ్యాసం రాస్తున్న మేం లెక్కల పండితులం కాం. వాడల నుంచి హాస్టళ్లకూ, హాస్టళ్ల నుంచి యూనివర్సిటీకీ వచ్చి పరిశోధనలో పడ్డవాళ్లం. మాలో ఇద్దరు పదో తరగతిలో లెక్కలు తప్పి, సెప్టెంబరులో మళ్లీ రాసి గట్టెక్కినవాళ్లే. 'మీవాళ్లకు లెక్కలు రావు' అనే మాట మేం ఒకసారి కాదు, వందసార్లు విన్నాం. ఆ మాటకు జవాబు చరిత్రలో ఉందని మా అభిప్రాయం.

కల్లం లెక్క

మావాళ్లకు లెక్కలు రావన్నది మొదటి అబద్ధం. కల్లం దగ్గర మొదలుపెడదాం.

పాత కొలతలు ఇవి: 4 గిద్దెలు ఒక సోల. 4 సోలలు ఒక మానిక. 4 మానికలు ఒక కుంచం. 4 కుంచాలు ఒక తూము. 20 తూములు ఒక పుట్టి. పుట్టి తప్ప మిగతావన్నీ నాలుగు మీద నడుస్తాయి. రూపాయి కూడా అంతే: 4 పావలాలు, పావలాకు 4 అణాలు. పావు అంటే నాలుగో వంతు, వీసం అంటే పదహారో వంతు, కాని అంటే అరవై నాలుగో వంతు. బడి మొహం చూడని మా ముసలమ్మలు ఈ వంతులన్నీ నోటితో కలిపేవాళ్లు, తీసేవాళ్లు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. తర్వాత కిలోలు, లీటర్లు వచ్చాయి. దేశానికి అది మంచిదే. కానీ అంతదాకా నోట్లో నడిచిన నాలుగు వంతుల లెక్క చూస్తుండగానే చెల్లని నాణెమైపోయింది. దాని స్థానంలో వచ్చిన దశాంశ లెక్క బడిలో మాత్రమే దొరికేది. ఆ బడి మాకు అప్పటికి ఇంకా సరిగా తెరుచుకోలేదు.

మాదిగ ఇంట్లో తోలును చుట్టూ తిప్పుతూ కోసి, తెగకుండా ఒకే పొడుగాటి వారు తీసేవాళ్లు. డప్పుకు తోలు ఎంత చుట్టు కావాలో కళ్లతోనే కొలిచేవాళ్లు. మాల నేతగాళ్లు పడుగు పోగులు లెక్క తప్పకుండా పోసేవాళ్లు. సర్వేకి వచ్చినప్పుడు మా తాతలు ఎండలో గొలుసు పట్టుకుని చేనుకు ఈ కొసనుంచి ఆ కొసకు నడిచేవాళ్లు. గుంట అంటే 121 చదరపు గజాలు, అంటే ఇటు 11 గజాలు అటు 11 గజాలు అని వాళ్లకు కాళ్లతో తెలుసు. కాగితం మీద అంకె వేసేది మాత్రం పట్వారీ, ఆంధ్రాలో అయితే కరణం. కొలిచే ఒళ్లు మాది, రాసే చెయ్యి వాళ్లది. ఆ ఉద్యోగం తండ్రి నుంచి కొడుక్కి పోయేది. 1984లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని రద్దు చేసేదాకా ఆ పద్ధతి నడిచింది.

కల్లంలో రాశి కొలిచేటప్పుడు 'ఒకటి' అనరు. 'లాభం' అంటారు. లాభం, రెండు, మూడు... అలా పోతుంది. ఎవరికి లాభం? కోసింది, కట్ట కట్టింది, తొక్కించింది, తూర్పారబట్టింది మేం. మా చేతికి వచ్చేది మేర గింజలు, లేదంటే చేలో రాలిన పరిగె. అది చాలక ఆసామి దగ్గరికే అప్పుకు పోవాలి. తెలంగాణలో దాన్ని నాగు అన్నారు. గింజ తీసుకుంటే పంట నాటికి సగం ఎక్కువ వేసి ఇవ్వాలి.

దీన్ని ఒకసారి లెక్క వేద్దాం. మా తాత 4 తూములు నాగుకు తెచ్చాడనుకోండి. పంటకు కట్టాల్సింది 6 తూములు. కట్టలేకపోయాడు. రెండో పంటకు అది 9. మూడో పంటకు 13 తూముల 2 కుంచాలు. నాలుగో పంటకు 20 తూముల 1 కుంచం. అంటే తెచ్చిన 4 తూములు నాలుగు పంటల్లో ఒక పుట్టి దాటాయి. తిన్నది 4 తూములు, తీర్చలేక కొడుకును జీతానికి పెట్టింది పుట్టికి.

ఇదే లెక్క ఇప్పుడు పదో తరగతి పుస్తకంలో 'శ్రేఢులు' అనే పాఠంలో ఉంది. మొదటి పదం 4, సామాన్య నిష్పత్తి ఒకటిన్నర, ఐదో పదం ఇరవై పావు. దీని పేరు గుణశ్రేఢి. మా తాత ఈ గుణశ్రేఢి కిందే నలిగాడు. దాని సూత్రం తెలిసినవాడు అరుగు మీద కూర్చున్నాడు. వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో. అందుకే మేం అంటాం: మావాళ్లకు లెక్క రాదనడం తప్పు. లెక్క మావాళ్ల మీద నడిచింది, దాని రాత మాత్రం వాళ్లకు అందనివ్వలేదు.

అరుగు బడి

రాత ఎక్కడ నేర్పారు? 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, జిల్లాల్లో బడులెన్ని, పిల్లలెంతమంది, ఏ కులంవాళ్లు అని కలెక్టర్లను అడిగాడు. జవాబులన్నీ కలిపితే ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. 1826లో మన్రో ఈ అంకెలు రాశాడు. వచ్చిన జవాబుల్లో వివరంగా ఉన్నది బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్‌ది. 1816లో ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెలే ఈయన. అప్పటి బళ్లారి జిల్లాలో ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా ఉండేది. 1823లో ఆయన లెక్క ప్రకారం అక్కడ 533 బడులు, 6,641 మంది పిల్లలు.

ఆ బడుల్లో లెక్కల వరస ఎలా ఉండేదో ఆయన రాశాడు. మొదట ఇసుకలో వేలితో అక్షరాలు. తర్వాత ఎక్కాలు, అంకెలు బట్టీ. ఆ పైన కూడికలు, తీసివేతలు, హెచ్చవేతలు, డబ్బు కొలతలు, ధాన్యం కొలతలు. అన్నిటికన్నా ఎక్కువ శ్రమ భిన్నాల మీద పెట్టేవారట. ఆ భిన్నాలు పదుల్లో కాక నాలుగుల్లో దిగుతూ పోతాయని గమనించి రాశాడు. అంటే పావు, వీసం, కాని. మా ముసలమ్మ నోట్లో ఉన్నదీ, అరుగు మీద పంతులు నేర్పినదీ ఒకటే లెక్క. తేడా ఎక్కడ? అరుగు మీద దాన్ని తాటాకు మీదికి ఎక్కించారు. తాటాకు మీదికి ఎక్కిందే పద్దు అయింది.

1983లో ధరంపాల్ ఈ నివేదికలన్నీ తీసి పుస్తకంగా వేశారు. బ్రిటిషువాళ్లు రాకముందే అన్ని కులాలకూ చదువుండేదని చెప్పేవాళ్లకు అది ఆధారమైంది. శూద్రుల పిల్లలు చాలామందే బడిలో ఉన్నారన్నది నిజం. తెలుగు జిల్లాల్లో తమిళ జిల్లాల కన్నా బ్రాహ్మణ, వైశ్య పిల్లల వాటా ఎక్కువన్నది కూడా అదే పట్టికల్లో ఉంది. మేం మాత్రం ఆ పట్టికల్లో మా పేరు వెతుక్కున్నాం. బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, ముసల్మానులు అని గళ్లున్నాయి. 'మిగతా కులాలన్నీ' అని ఒక గడి ఉంది. మాల, మాదిగ అని గడి లేదు. ఆ 'మిగతా'లో మావాళ్లు ఉన్నారా, ఉంటే ఎందరు అని ఆ పట్టిక చెప్పదు. బడులు ఎన్నో లెక్కపెట్టిన కాగితంలోనే మాకు అంకె లేదు.

మెట్టు ఎవరు వేశారు

మాకు లెక్క కావాలని మొదట గట్టిగా అడిగింది జోతిరావు ఫూలే. 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన వాఙ్మూలంలో ప్రాథమిక బడిలో చదవడం, రాయడంతో పాటు లెక్కలూ పద్దులూ ఉండాలన్నాడు. వ్యవసాయం మీద తెలివి కూడా చెప్పాలన్నాడు. పై చదువుల మీద డబ్బు గుమ్మరిస్తూ కింది పిల్లల్ని వదిలేశారని సర్కారును నిలదీశాడు. వడ్డీ వ్యాపారి పద్దు చదవలేని రైతు ఎలా మునుగుతాడో ఆయనకు బాగా తెలుసు.

తెలుగు నేల మీద మావాళ్లకు పలక ఇచ్చింది ఎక్కువగా మిషనరీ బడులు. ఒంగోలు బాప్టిస్టు మిషన్ జాన్ క్లౌ సంగతి చూడండి. ఆయన పాదిరీ కాకముందు అమెరికాలో భూమి సర్వే చేసినవాడు. 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న మాదిగలకు కూలి ఇప్పించాడు. మట్టిపనిలో కూలి తవ్విన మట్టి కొలతను బట్టి ఉంటుంది: పొడవు, వెడల్పు, లోతు. అది ఘనపరిమాణం. ఆ కొలతలో మోసం లేకపోతే కూలి నిలుస్తుంది, ఉంటే ఆకలి. పొడవు, వెడల్పు, లోతు హెచ్చవేయడం అన్నం మెతుకు లెక్క అని మావాళ్లకు ఇలాంటి గోతుల్లోనే తెలిసింది. ఇటు హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1910 ప్రాంతంలో ఆది హిందువుల పిల్లలకు బడులు పెట్టడం మొదలుపెట్టాడు.

ఈ బడులు మాకు మొదటి మెట్టు వేశాయి. పలక, బలపం, ఎక్కాలు, చిన్న కూడికలు. అక్షరం వచ్చింది, అంకె వచ్చింది. కానీ చాలావాటిలో చదువు కింది తరగతులతోనే ఆగిపోయింది. పై మెట్టు ఇంకోచోట, ఇంకొకరి చేతుల్లో ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1911 నుంచి ఎస్.ఎస్.ఎల్.సి. పద్ధతి నడిచింది. అందులో అందరూ చదవాల్సిన లెక్కలు ప్రాథమిక గణితం. ఆల్జీబ్రా, జామెట్రీ మాత్రం ఐచ్ఛికం, ఎంచుకున్నవాళ్లకే. ఎంచుకోవడం అంటే ఏమిటి? ఆ టీచరున్న హైస్కూలు ఊళ్లో ఉండాలి. ఇంట్లో చెప్పేవాళ్లుండాలి. ముందు ముందు ఇంజనీరింగో కాలేజీయో ఉందని తెలిసి ఉండాలి. ఈ మూడూ ఉన్నవాడు ఎంచుకుంటాడు. లేనివాణ్ణి బడే ఎంచి పక్కన పెడుతుంది.

1953లో రాజాజీ ప్రభుత్వం పల్లెబడుల్లో చదువును రోజుకు మూడు గంటలకు కుదించింది. మిగతా వేళ పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలన్నది. దీన్ని కులవిద్య అని జనం తిట్టారు. అప్పటికి ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. 1954లో కామరాజ్ ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. మాదిగ పిల్లవాడు చెప్పులు కుట్టడం నేర్చుకుంటే అందులోనే లెక్కలున్నాయి కదా అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మేం పైన చెప్పిన తోలు లెక్క, కల్లం లెక్క చూపించి, ఇదే మీ గణితం, ఇది చాలు అంటారు. చాలదు! వారు కోసే చేతికి జామెట్రీ తెలుసనడం గౌరవమే. ఆ గౌరవం చూపించి జామెట్రీ పుస్తకం ఇవ్వకపోవడం మోసం. మా పని లెక్క మొదటి మెట్టు కావాలి, మా గోడ కాకూడదు.

జనరల్, కాంపోజిట్

1964–66 కొఠారి కమిషన్ మొదటి పదేళ్ల చదువులో సైన్సు, గణితం అందరికీ తప్పనిసరి కావాలన్నది. మాట బాగుంది. అయితే అదే కాలంలో మన రాష్ట్రంలో హైస్కూలు లెక్కలు రెండు దారులుగా ఉండేవి. ఒకటి జనరల్ మాథ్స్, రెండోది కాంపోజిట్ మాథ్స్. జనరల్‌ది తేలిక దారి. కాంపోజిట్‌లో బీజగణితం, రేఖాగణితం లోతుగా ఉండేవి. జనరల్ తీసుకున్నవాడికి పది పాసవ్వడం సులువు. కానీ ఇంటర్లో ఎంపీసీ తలుపు మూసుకున్నట్టే. ఎంపీసీ లేకపోతే ఇంజనీరింగ్ లేదు.

మా అన్నల తరం ఈ కూడలిలో నిలబడింది. మాలో ఒకరి అన్న చెప్పిన మాట ఇది. ఎనిమిది పాసై తొమ్మిదికి పోయినప్పుడు లెక్కల సారు వరసగా పేర్లు పిలుస్తూ ఎవరికేం కావాలో అడిగాడు. ఈయన కాంపోజిట్ అన్నాడు. సారు తలెత్తి చూసి, 'నీకెందుకురా? హాస్టలోడివి. జనరల్ తీసుకుని గట్టెక్కు పో' అన్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. పైగా మంచి చెప్పాననుకున్నాడు. ఆ ఒక్క వాక్యంతో ఇంజనీరింగ్ పోయింది. ఆయన తర్వాత గుమస్తా అయ్యాడు. నలభై ఏళ్లు ఇతరుల బిల్లులు కూడాడు. ఒక్క తప్పు పోలేదని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఆడపిల్లల సంగతి ఇంకా ఘోరం. పెళ్లయ్యే పిల్లకు ఆల్జీబ్రా దేనికని అన్ని కులాల్లోనూ అన్నారు. మా ఆడపిల్లకు కులం ఒక తలుపు వేస్తే ఆడపుట్టుక రెండో తలుపు వేసింది. మా అక్కల్లో కాంపోజిట్ చదివినవాళ్లు ఎవరని అడిగితే మాకు ఒక్క పేరు కూడా దొరకలేదు.

ఇప్పుడు రిజర్వేషన్ల మాట కలిపి చూడండి. ఇంజనీరింగ్ కాలేజీలో సీటు రాజ్యాంగం ఇచ్చింది. ఆ సీటుకు ఎంపీసీ కావాలి. ఎంపీసీకి కాంపోజిట్ కావాలి. కాంపోజిట్ తొమ్మిదో తరగతి గదిలో సారు నోట్లో ఉంది. పైన సీటు ఖాళీగా మిగిలితే 'తగిన అభ్యర్థులు దొరకలేదు' అని ఫైలు మూసేశారు. తగినవాళ్లు ఎక్కడ ఆగిపోయారో ఏ ఫైలూ రాయలేదు.

ఒక మెట్టు జారితే

జనరల్, కాంపోజిట్ అనే రెండు దారులు పోయి, రాష్ట్రంలో పదో తరగతిదాకా అందరికీ ఒకే లెక్కల పుస్తకం వచ్చింది. మేం చదివింది ఆ పుస్తకమే. అయినా మేం తప్పాం. ఎందుకు?

మిగతా సబ్జెక్టులకూ లెక్కలకూ ఒక తేడా ఉంది. సాంఘికశాస్త్రంలో మౌర్యుల పాఠం పోయినా మొగలుల పాఠం అర్థమవుతుంది. తెలుగులో ఒక పద్యం పోతే ఇంకో పద్యం ఉంటుంది. లెక్కల్లో అలా కాదు. నాలుగో తరగతిలో భాగహారం. భాగహారం రాకపోతే ఐదులో భిన్నం రాదు. భిన్నం రాకపోతే ఆరు, ఏడులో నిష్పత్తి రాదు. నిష్పత్తి రాకపోతే ఎనిమిదిలో అనుపాతాలు, సమీకరణాలు రావు. పదో తరగతిలో త్రికోణమితి ఉంది. సైన్ తీటా అంటే భయపడతాం గాని, అది రెండు భుజాల నిష్పత్తి, అంతే. నిష్పత్తి భిన్నం, భిన్నం భాగహారం. పదిలో సైన్ తీటా దగ్గర తెల్లబోయిన పిల్లవాడు నిజానికి తప్పింది నాలుగో తరగతిలో. తప్పిన సంగతి ఆరేళ్ల తర్వాత బయటపడింది.

నాలుగో తరగతిలో మేం ఎక్కడున్నాం? పత్తి ఏరేటప్పుడు చేలో ఉన్నాం. మిరప కోతకు అమ్మానాన్న వలస పోతే వెంట పోయాం, లేదా చెల్లెల్ని ఎత్తుకుని ఇంట్లో ఉన్నాం. బడి ఉన్న రోజున ఐదు తరగతులకూ ఒకే సారు. నెలరోజులు పోయి తిరిగి వస్తే సారు భాగహారం దాటి పోయాడు. ఎవరూ వెనక్కి రారు. మన రాష్ట్రంలో 1970ల మొదట్నుంచి కింది తరగతుల్లో ఫెయిల్ చేయకుండా పైకి పంపే పద్ధతి నడిచింది. 2009 విద్యాహక్కు చట్టం దాన్ని దేశమంతటికీ తెచ్చింది, 2019 సవరణ రాష్ట్రాలకు దాన్ని వదులుకునే వీలిచ్చింది. ఫెయిల్ చేసి ఇంటికి పంపడాన్ని మేం సమర్థించం. ఫెయిలైన పిల్లవాడు మళ్లీ బడికి రాడు, పశువుల వెంట పోతాడు. కానీ పోయిన భాగహారం తిరిగి నేర్పకుండా తరగతి మార్చడం ఏమిటి? కాళ్ల కింద మెట్టు లేకుండా పైమెట్టు మీద నిలబెట్టడం. పక్కింటి కోమట్ల పిల్లవాడూ అదే తరగతి, అదే సారు. వాడికి మాత్రం సాయంత్రం కొట్లో తండ్రి పక్కన కూర్చుంటే భాగహారం మళ్లీ దొరుకుతుంది. లేదా ట్యూషను ఉంటుంది. మా హాస్టల్లో ట్యూషను లేదు, ఒక గుడ్డి బల్బు కింద నలభై మందిమి ఉన్నాం.

భాష ఒకటి. 'క.సా.గు.', 'లంబం', 'వికర్ణం', 'వ్యుత్క్రమం' అనే మాటలు మా వాడలో ఎవరూ అనరు. బెత్తెడు, జానెడు, మూర, బార అంటారు. పుస్తకంలో భాష మనది కాదని కంచ ఐలయ్య 1996లో వచ్చిన తన పుస్తకంలో రాస్తే తెలుగు వాచకం గురించే అనుకున్నాం. లెక్కల పుస్తకానికీ అది వర్తిస్తుంది. నాగు లెక్కతో మొదలుపెట్టి గుణశ్రేఢి చెప్పిన సారు మాకు ఒక్కడూ దొరకలేదు. చెప్పి ఉంటే ఆ పాఠం మా ఇళ్లలో అందరికంటే ముందు అర్థమయ్యేది.

2005 జాతీయ విద్యాప్రణాళిక కోసం గణితం మీద వేసిన బృందం కూడా ఇంచుమించు ఈ మాటే చెప్పింది. చాలామంది పిల్లల్లో లెక్కలంటే భయం, ఓడిపోయామన్న భావం ఉన్నాయన్నది. మన లెక్కల పాఠ్యక్రమం సన్నగా నిటారుగా పైకి పోతోందనీ, వెడల్పుగా నిలబడాలనీ అన్నది. సన్నటి నిచ్చెన మీద ఒక మెట్టు విరిగితే పక్కన పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అయితే ఆ మెట్టు ఎవరి కాలి కింద ముందు విరుగుతుందో ఆ బృందం విడమరిచి చెప్పలేదు. అది మేం చెప్పాలి. 1920లో మూక్‌నాయక్ మొదటి సంచికలో అంబేద్కర్ హిందూ సమాజాన్ని మెట్లు లేని అంతస్తుల మేడతో పోల్చాడు. ఏ అంతస్తులో పుట్టినవాడు అందులోనే చావాలన్నాడు. లెక్కలకు మెట్లున్నాయి. మేడ కట్టినవాళ్లు ఆ మెట్లలో మావి తీసేశారు.

మోజెస్ రైలు

ఈ మెట్టు సంగతి మనకన్నా ముందు పట్టుకున్నవాళ్లు అమెరికా నల్లవాళ్లు. వాళ్ల పోరాటంతో మనకు పాత చుట్టరికం ఉంది. 1946లో అంబేద్కర్ డుబాయ్‌కి ఉత్తరం రాశాడు. 1972లో దళిత పాంథర్లు బ్లాక్ పాంథర్ల పేరు చూసే తమ పేరు పెట్టుకున్నారు.

బాబ్ మోజెస్ లెక్కల టీచరు. 1960ల మొదట్లో న్యూయార్కు వదిలి మిసిసిపీ పోయి, నల్ల కౌలుదార్లను ఓటర్లుగా నమోదు చేయించడానికి దెబ్బలు తిన్నాడు, జైలుకు పోయాడు. అక్కడ ఓటు కావాలంటే చదువు పరీక్ష పెట్టేవాళ్లు. చదువు చెప్పనిది వాళ్లే, చదువు రాదని ఓటు ఇవ్వనిదీ వాళ్లే. ఇరవై ఏళ్ల తర్వాత కేంబ్రిడ్జిలో తన కూతురి బడిలో ఆల్జీబ్రా చెప్పడం లేదని చూశాడు. అమెరికాలో ఎనిమిదో తరగతి నాటికి ఆల్జీబ్రా అందితేనే హైస్కూల్లో పై లెక్కలు, వాటి మీదుగా కాలేజీ. అందనివాడు మామూలు లెక్కల్లో మిగులుతాడు. అలా మిగిలేవాళ్లలో నల్లపిల్లలు, పేదపిల్లలు ఎక్కువ. ఇది మన జనరల్, కాంపోజిట్ కాదా? 1982లో ఆయన ఆల్జీబ్రా ప్రాజెక్టు మొదలుపెట్టాడు. 1960లలో ఓటు ఎలాంటిదో ఇప్పుడు ఆల్జీబ్రా అలాంటిదన్నాడు. 2021లో చనిపోయేదాకా అదే పని చేశాడు.

ఆయన పాఠం ఎలా చెప్పాడో వినండి. పిల్లల్ని ఊళ్లో నడిచే రైలెక్కించాడు. ఒక స్టేషను సున్నా. ఇటు పోతే ధనం, అటు పోతే రుణం. ఎక్కడ ఎక్కాం, ఎక్కడ దిగాం, ఎటువైపు ఎన్ని స్టేషన్లు అని పిల్లలు ముందు తమ మాటల్లో చెప్పారు, బొమ్మ గీశారు, తర్వాత గుర్తుల్లో రాశారు. అంటే పిల్లల బతుకు నుంచి మొదలుపెట్టాడు, కానీ అక్కడే ఆగలేదు. ఆల్జీబ్రా దాకా తీసుకుపోయాడు. మేం అడుగుతున్నది కూడా ఇదే.

ఇప్పుడు

2019–20 విద్యా సంవత్సరం నుంచి సీబీఎస్ఈ పదో తరగతి లెక్కల పరీక్షను రెండుగా చేసింది: బేసిక్, స్టాండర్డ్. పై తరగతుల్లో లెక్కలు చదవాలనుకునేవాళ్లకు స్టాండర్డ్, మిగతావాళ్లకు బేసిక్ అని చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం గణితంతో మొదలుపెట్టి సబ్జెక్టులను రెండు స్థాయిల్లో పెట్టవచ్చన్నది. పిల్లల మీద భారం తగ్గించడానికే అంటున్నారు. భారం తగ్గించడం మాకూ ఇష్టమే. కానీ మేం ఈ సినిమా ఒకసారి చూశాం. పేర్లు మారాయి. జనరల్ పోయి బేసిక్ వచ్చింది. కాంపోజిట్ పోయి స్టాండర్డ్ వచ్చింది. పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఏది కావాలో ఎవరు చెబుతారు? ట్యూషనున్న ఇంట్లో తండ్రి చెబుతాడు. వాడలో పిల్లవాడికి మళ్లీ సారే చెబుతాడు: 'నీకెందుకురా?'

కాబట్టి మా మాట స్పష్టంగా పెడుతున్నాం. రెండు దారులు పెట్టి మమ్మల్ని తేలిక దారిన పంపే దయ మాకొద్దు. మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో భాగహారం, భిన్నం తప్పిన ప్రతి పిల్లవాడికీ ఆ యేడే, ఆ బడిలోనే మళ్లీ చెప్పే మనిషి కావాలి. హాస్టల్లో సాయంత్రం లెక్కలు చెప్పే టీచరు కావాలి. పుస్తకంలో మా తూమూ, మా మూరా, మా నాగు పద్దూ మొదటి మెట్టుగా రావాలి, చివరి మెట్టుగా బీజగణితమే ఉండాలి. ఎవరు ఏ తరగతిలో ఏ పాఠం దగ్గర ఆగిపోతున్నారో కులం వారీగా లెక్క తీసి బయటపెట్టాలి. పదో తరగతి ఫలితాలు మాత్రం చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు.

నల్లబల్ల దగ్గరికి పోతుంటే అన్నం డబ్బాలు లాక్కున్న ఆ క్లాసులోంచి వచ్చినవాడే 1923లో 'రూపాయి సమస్య' రాశాడు. తర్వాత రాయల్ కరెన్సీ కమిషన్ ముందు కూర్చుని సర్కారుకు రూపాయి లెక్క చెప్పాడు. ఆయన గొప్పవాడు, నిజమే. ఆయన గొప్పతనం చెప్పుకుని ఊరుకుంటే మాత్రం ఆ బల్ల దాకా రాలేక మధ్యలో ఆగినవాళ్లను మరిచినట్టే. కాంపోజిట్ అడిగి జనరల్‌కు పోయిన మా అన్న ఈ మధ్య మనవరాలికి ఐదో తరగతి భిన్నాలు చెబుతున్నాడు. పావు, అర, ముప్పావు అని రొట్టె ముక్కలు చేసి చూపిస్తున్నాడు. ఆమె తొమ్మిదికి వచ్చినప్పుడు ఎవరూ 'నీకెందుకు' అనకుండా చూడాల్సింది మనం.